ఇంట్లో 24 గంటల ఇన్ఫ్యూషన్: అమ్మను ఇంటికి తెచ్చుకునే ముందు తెలియాల్సినవి

మీ అమ్మగారికి 58 ఏళ్లు. పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అని తేల్చారు, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయే జబ్బు. ఛాతీలో హిక్‌మన్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వెళ్లే సన్నని ట్యూబు) వేసి ఎపోప్రోస్టెనాల్ అనే మందును ఇన్ఫ్యూషన్‌గా, అంటే ఆగకుండా రక్తంలోకి ఎక్కిస్తూ ఉండేలా మొదలుపెట్టారు, ఇంకో పది రోజుల్లో పంపుతో సహా ఇంటికి పంపుతామన్నారు. "మేం డాక్టర్లం కాదు, నర్సులం కాదు. రాత్రీ పగలూ ఆగకుండా నడవాల్సిన మందును ఇంట్లో ఎలా చూసుకుంటాం? ఏదైనా తేడా వస్తే మా చేతుల్లోనే పోతుందేమో" అని రాశారు. చివర్లో ఇంకో చిన్న మాట అడిగారు, ఏడాదిన్నర మనవరాలిని అమ్మ ఎత్తుకోవచ్చా అని. దానికీ జవాబు చెబుతాను.

నేను 22 ఏళ్లు నర్సుగా పనిచేశాను. అందులో 11 ఏళ్లు, పంపుతో ఇంటికి వెళ్లే వాళ్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ మందు కలపడం, లైన్ చూసుకోవడం నేర్పడమే నా పని. ఆ తర్వాత మా అక్కకు ఇదే జబ్బు వచ్చింది. ఆరేళ్లు ఇంట్లో నేనే మందు కలిపాను. నేర్పడం వేరు, తెల్లవారుజామున మూడింటికి అలారం మోగితే లేచి వెళ్లడం వేరు. రెండూ తెలిసిన మనిషిగా చెబుతున్నాను: మీరు చేయగలరు. చదువు రాని వాళ్లు, చేతులు కొద్దిగా వణికే పెద్దవాళ్లు, పదహారేళ్ల పిల్లలు కూడా శుభ్రంగా నేర్చుకుని చేయడం నేను చూశాను. కాకపోతే ఏ విషయంలో భయపడాలో, ఏ విషయంలో అక్కర్లేదో మీకు ముందే తెలిసి ఉండాలి.

భయపడాల్సింది ఒక్కదానికే. మందు ఆగిపోకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

ఎందుకంటే ఈ మందు రక్తంలోకి వెళ్లాక ఆరు నిమిషాల్లోపే సగం కరిగిపోతుంది. మాత్ర అయితే ఒక పూట మరిచిపోయినా ఒంట్లో ఎంతోకొంత మిగులుతుంది. దీనికి ఆ వెసులుబాటు లేదు. ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఈ మందు వల్లే తెరుచుకుని ఉంటాయి. అది ఒక్కసారిగా ఆగితే అవి మళ్లీ బిగుసుకుంటాయి, ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువగా. కుడివైపు గుండె ఆ ఒత్తిడి తట్టుకోలేదు. కొందరికి నిమిషాల్లోనే ఆయాసం మొదలవుతుంది, కొందరికి కాస్త ఆలస్యంగా. మీ అమ్మగారు ఏ కోవలోకి వస్తారో ఆగి చూసి తెలుసుకోవాల్సిన విషయం కాదు. ట్రెప్రోస్టినిల్ అని ఇదే కుటుంబానికి చెందిన ఇంకో మందు ఉంది. అది సుమారు నాలుగు గంటలకు సగమవుతుంది కాబట్టి కొంచెం ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది. మీకు ఇచ్చింది ఎపోప్రోస్టెనాల్ కాబట్టి ఆ లెక్క మీకు వర్తించదు.

ఇంత కష్టమైన మందు ఎందుకిచ్చారని మీకు అనిపించి ఉంటుంది. మా అక్క కూడా మొదట్లో నన్ను అదే అడిగేది. శరీరం తానే తయారుచేసుకునే ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని 1976లో కనుగొన్నారు. ఎపోప్రోస్టెనాల్ అంటే అదే, ప్రయోగశాలలో తయారుచేసినది. 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు తీవ్రంగా ఉన్న 81 మందిని 12 వారాలు గమనించారు. 41 మందికి మామూలు వైద్యంతో పాటు ఈ మందు ఇచ్చారు, 40 మందికి మామూలు వైద్యం మాత్రమే. ఆ 12 వారాల్లో ఎనిమిది మంది చనిపోయారు. ఎనిమిది మందీ మందు అందని వాళ్లే. అప్పటి నుంచి కొత్త మాత్రలు ఎన్నో వచ్చినా, జబ్బు ముదిరిన వాళ్లకు డాక్టర్లు ఇప్పటికీ దీనివైపే చూస్తారు. మీ అమ్మగారికి ఇచ్చారంటే, ఈ శ్రమ పడటానికి తగిన కారణం ఉందన్నమాట.

ఇక పంపు సంగతి. అందరూ పంపును చూసి జడుస్తారు. నిజానికి అందులో ఎక్కువ భరోసా ఇవ్వగలిగేది పంపే. బ్యాటరీ తగ్గినా, ట్యూబు మడతపడినా, క్యాసెట్‌లో (పంపుకు తగిలించే మందు డబ్బాలో) మందు అయిపోవస్తున్నా అది అరిచి చెబుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేది దాని ముందు వెనక ఉన్న చేతుల దగ్గర: కలిపేటప్పుడు, క్యాసెట్ మార్చేటప్పుడు.

కలపడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే శిక్షణలో ఎంత బాగా చెప్పినా ఇంటికెళ్లాక అసలు అనుమానాలు ఇక్కడే వస్తాయి. డోసును నానోగ్రాముల్లో లెక్కిస్తారు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. సాధారణంగా కిలో బరువుకు నిమిషానికి 2 నానోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఒక ఉదాహరణ చూద్దాం. 60 కిలోల మనిషికి డోసు 20కి చేరిందనుకోండి. నిమిషానికి 1,200 నానోగ్రాములు. రోజుకు 1,440 నిమిషాలు కాబట్టి 17,28,000 నానోగ్రాములు, అంటే 1.728 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 30,000 నానోగ్రాములు ఉండేలా మందు కలిపితే పంపు రోజుకు 57.6 మిల్లీలీటర్లు నడవాలి. 1.5 మిల్లీగ్రాముల వయల్స్ (మందు ఉన్న చిన్న సీసాలు) రెండింటిని 100 మిల్లీలీటర్లలో కలిపితే ఆ చిక్కదనం వస్తుంది. పొరపాటున ఒక్క వయలే వేశారనుకోండి, పంపు మీద అంకె అదే 57.6 చూపిస్తుంది, అలారం ఏమీ మోగదు, కానీ అమ్మకు అందేది సగం డోసు. ఒక వయల్ వేయాల్సిన చోట రెండు వేస్తే రెట్టింపు. పంపుకు ఎన్ని మిల్లీలీటర్లు నెట్టాలో తెలుసు, అందులో ఏముందో తెలియదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను, నేర్పిన వాళ్లందరికీ అదే చెప్పాను. కలపడం మొదలుపెట్టే ముందే వయల్స్, ద్రవం సీసాలు బల్ల మీద వరసగా పెట్టి, పైకి చదివి లెక్కపెట్టాలి. కలిపాక ఖాళీ వయల్స్ వెంటనే పారేయకూడదు. క్యాసెట్ పంపుకు తగిలించి, రెండో మనిషి ఆ ఖాళీ వయల్స్‌ను మళ్లీ లెక్కపెట్టాకే చెత్తలోకి. రెండో మనిషి పక్క గదిలో ఉంటే పిలవండి. ఊళ్లో లేకపోతే ఫొటో తీసి పంపండి. "నాకు తెలుసులే" అనిపించిన రోజే మరీ జాగ్రత్తగా ఉండాలి.

డోసు పెంచమని క్లినిక్ చెప్పినప్పుడు అది కొత్త రేటా, కొత్త చిక్కదనమా, రెండూనా అని అడిగి తెలుసుకుని, కాగితం మీద రాసుకుని, తిరిగి వాళ్లకు చదివి వినిపించండి. ఇంకో విషయం. మొదట్లో లెక్కకు తీసుకున్న బరువునే సాధారణంగా ఆ తర్వాత కూడా వాడతారు. అమ్మ నాలుగు కిలోలు తగ్గారని మీరు సొంతంగా లెక్క మార్చకూడదు.

మందును ఏ ద్రవంతో కలపాలన్నది మీకు ఇచ్చే రకాన్ని బట్టి ఉంటుంది. పాత రకానికి దానితోపాటు వచ్చే ప్రత్యేక ద్రవమే వాడాలి. అది బాగా క్షారగుణం ఉన్నది, ఆ గుణంలోనే ఈ మందు చెడకుండా నిలుస్తుంది. తర్వాత వచ్చిన రకాన్ని ఇంజెక్షన్‌కు వాడే స్టెరైల్ నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ కలపవచ్చు. తొలి రోజుల్లో పంపు సంచిలో ఐసు ప్యాకులు పెట్టి మారుస్తూ ఉండేవాళ్లం. ఐసు లేకపోతే ఎనిమిది గంటలకే కొత్త క్యాసెట్ పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు చాలామందికి ఆ అవస్థ లేదు. అయినా మీ రకానికి బయట ఎన్ని గంటలు, ఫ్రిజ్‌లో ఎన్ని గంటలు అన్నది మీ కరపత్రంలో చూసి ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రెండు రకాల పద్ధతులను ఎప్పుడూ కలగలపకండి. ఆస్పత్రి మారినప్పుడో, సరఫరా మారినప్పుడో పెట్టె మీద పేరు కూడా మారిందంటే, ఫోన్ చేసి అడిగాకే మూత తీయండి.

క్యాసెట్ మార్చడానికి రోజూ ఒకే వేళ పెట్టుకోండి. ఇంట్లో ఇద్దరు మేలుకుని ఉండే వేళ అయితే మంచిది. కొత్త క్యాసెట్‌కు కొత్త ట్యూబు తగిలించి, చివరి చుక్క వచ్చేదాకా మందు నింపి, గాలి బుడగలన్నీ పోయాకే పాతది విప్పాలి. మందు దారిలో చిన్న ఫిల్టర్ ఉంటుంది, దాన్ని అనవసరం అనుకుని ఎవరూ తీసేయకుండా చూడండి. కొందరి గుండెలో కుడి ఎడమ భాగాల మధ్య చిన్న రంధ్రం ఉంటుంది. అలాంటివాళ్లకు చిన్న బుడగ కూడా మెదడు దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

నా వల్ల జరిగిన ఒక తప్పు చెబుతాను. అక్కకు మొదలుపెట్టిన మూడో నెల. ఆ రోజు బాగా అలిసిపోయి ఉన్నాను. క్యాసెట్ మార్చి, పంపు నడుస్తోందని ఆకుపచ్చ లైటు చూసుకుని వెళ్లి పడుకున్నాను. ఛాతీ దగ్గరి క్లాంపు (ట్యూబును నొక్కి మూసే బిగింపు) తెరవడం మరిచిపోయాను. పంపు మూసి ఉన్న దారిలోకే మందు నెడుతూ, కొన్ని నిమిషాలకు ఒత్తిడి పెరిగి అరిచింది. నేను పరిగెత్తేసరికి అక్క మంచం మీద లేచి కూర్చుని ఆయాసపడుతోంది. అప్పుడు వెంటనే క్లాంపు తెరిచేయాలనిపిస్తుంది. కానీ ట్యూబులో బిగిసిన ఒత్తిడి వల్ల ఆ కాస్త మందూ ఒక్క దెబ్బతో లోపలికి పోతుంది. అలాంటప్పుడు ముందు ఏది చేయాలి, తర్వాత ఏది చేయాలి అన్నది పంపును బట్టి మారుతుంది కాబట్టి మీ శిక్షణలో ఈ ప్రశ్న తప్పక అడిగి, జవాబు రాసుకోండి. ఆ రాత్రి అక్క తేరుకుంది. ఆ మర్నాటి నుంచి క్యాసెట్ మార్చిన ప్రతిసారీ పంపు దగ్గర మొదలుపెట్టి ఆమె ఛాతీ దాకా ట్యూబు మొత్తాన్ని వేలితో తడుముకుంటూ వెళ్లేదాన్ని. ప్రతి జాయింటూ బిగుతుగా ఉందా, ప్రతి క్లాంపూ తెరిచి ఉందా, ఎక్కడైనా మడత ఉందా. అర నిమిషం పని. ఆరేళ్లలో ఇంకెప్పుడూ తప్పలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీకే కాదు, అమ్మను చూడటానికి వచ్చే ప్రతి నర్సుకూ, అంబులెన్సు సిబ్బందికీ, ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరుకూ తెలియాలి. ఈ లైన్‌ను ఎప్పుడూ ఫ్లష్ చేయకూడదు. వైద్యంలో ఉన్నవాళ్లందరికీ లైన్ కనబడగానే సెలైన్ పెట్టి నెట్టడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటే ముప్పు. ఛాతీ లోపలి ట్యూబులో ఒక మిల్లీలీటరు మందు నిలిచి ఉందనుకోండి. ఇందాకటి లెక్కలో అది 30,000 నానోగ్రాములు, అంటే 25 నిమిషాల్లో వెళ్లాల్సిన మందు. దాన్ని రెండు సెకన్లలో నెట్టేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. అలాగే ఈ లైన్ నుంచి రక్తం తీయకూడదు, ఇందులో వేరే ఏ మందూ ఎక్కించకూడదు. ఒక కార్డు రాసి అమ్మ పంపు సంచిలో ఒకటి, పర్సులో ఒకటి పెట్టండి: "ఈ మందు ఆపవద్దు. ఈ లైన్‌లో వేరే ఏదీ ఎక్కించవద్దు. ఫ్లష్ చేయవద్దు. లైన్ పనిచేయకపోతే చేతికి కాన్యులా పెట్టి ఇదే మందు వెంటనే కొనసాగించండి." కింద డోసు, చిక్కదనం, రేటు, మీ స్పెషలిస్టు ఫోన్ నంబరు. డోసు మారిన రోజే కార్డు కూడా మార్చండి. ఎమర్జెన్సీలో పెద్ద డాక్టరు ఎదుట నిలబడి "ఆగండి, ముందు ఇది చదవండి" అనడానికి మొహమాటపడొద్దు. ఈ మందు గురించి ఆ గదిలో అందరికన్నా ఎక్కువ తెలిసింది మీకే అయ్యే అవకాశం చాలా ఉంది.

రెండో పంపు, కలిపి సిద్ధంగా ఉన్న రెండో క్యాసెట్, అదనపు బ్యాటరీలు, ట్యూబు, క్లాంపు ఎప్పుడూ ఒక సంచిలో ఉండాలి. ఆ సంచి అమ్మ ఎక్కడుంటే అక్కడే ఉండాలి. బీరువాలో భద్రంగా దాచిన రెండో పంపు లేనట్టే లెక్క. ప్రయాణాల్లో అది చేతి సంచిగానే ఉండాలి, సామాన్లలో వేయకూడదు. రెండు పంపుల్లోనూ ఒకే రేటు పెట్టి ఉందో లేదో డోసు మారినప్పుడల్లా చూడండి. మొదటిది మార్చి రెండోది మరిచిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను.

లైన్ తెగిపోతే లేదా కారుతుంటే, తెగిన చోటుకూ ఒంటికీ మధ్య క్లాంపు వేయాలి, లేకపోతే రక్తం పోతుంది, గాలి లోపలికి వెళ్తుంది. క్లాంపు వేశారంటే మందు ఆగిందన్నమాట. కాబట్టి అదే నిమిషంలో అంబులెన్సుకు ఫోన్. లైన్ పూర్తిగా బయటికి వచ్చేస్తే, బయటికి వచ్చిన చోటా, మెడ కింద నరంలోకి వెళ్లిన చోటా శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి అంబులెన్సు పిలవండి. రెండో పంపు వెంట తీసుకెళ్లండి. చేతి నరం ద్వారా అదే మందు మళ్లీ మొదలుపెడతారు. ఈ రెండు సందర్భాలనూ డిశ్చార్జికి ముందే ఇంట్లో నిజంగా నటించి చూడండి. ఎవరు క్లాంపు వేస్తారు, ఎవరు ఫోన్ చేస్తారు, ఎవరు సంచి పట్టుకుంటారు, పాపను ఎవరు ఎత్తుకుంటారు. ఒకసారి చేసి చూసిన ఇంట్లో అసలు సమయం వచ్చినప్పుడు కేకలు ఉండవు.

ఇక ఇన్ఫెక్షన్. ఇది మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది. ఈ లైన్ కొస గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలో ఉంటుంది, కాబట్టి జాయింటు దగ్గర చేరిన క్రిమి నేరుగా రక్తంలోకే వెళ్తుంది. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, ఆపైన జ్వరం వచ్చినా, చలితో వణుకు వచ్చినా తెల్లవారేదాకా చూద్దాం అనుకోకూడదు. జ్వరం మాత్ర వేసి పడుకోబెట్టడం అసలే వద్దు. అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లి, రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు రక్తం ఇవ్వాలి. లైన్ బయటికి వచ్చే చోట ఎరుపు, వాపు, చీము, నొక్కితే నొప్పి ఉన్నా ఫోన్ చేయాలి.

డ్రెస్సింగ్ పారదర్శకమైనది అయితే వారానికి ఒకసారి, గాజుగుడ్డ అయితే రెండు రోజులకు ఒకసారి మార్చడం సాధారణ పద్ధతి. తడిసినా, ఊడినా వెంటనే. ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచాక దాన్ని దానంతట అదే ఆరనివ్వాలి. ఊదడం, విసరడం చేయకూడదు. జాయింటు విప్పే ముందు గట్టిగా 15 సెకన్లు రుద్ది తుడవాలి, ఆరాకే తగిలించాలి. నాకు తెలిసినంతలో ఎక్కువమంది పొరపాటు చేసేది నీళ్ల దగ్గర. తడి జాయింటు నుంచి వచ్చే క్రిములు మొండివి. స్నానం చేయవచ్చు, కానీ జాయింట్లనీ డ్రెస్సింగ్‌నీ నీళ్లు చొరని కవరుతో కప్పి, పంపును పొడిగా ఉన్న చోట తగిలించి, నడుము కింద నుంచి నీళ్లు పోసుకుని, పైభాగాన్ని తడిగుడ్డతో తుడుచుకోవడం మేలు. స్నానం కోసం పంపు విప్పడం ఎప్పుడూ లేదు. నదిలో, చెరువులో, ఈతకొలనులో మునగడం కుదరదు. ఇది విని అక్క చాలా బాధపడింది. మీ అమ్మగారికి నీళ్లంటే ఇష్టమైతే ఇంటికి రాకముందే మెల్లగా చెప్పండి.

మందు వల్ల వచ్చే ఇబ్బందులు కొన్ని మొదటి వారాల్లో అమ్మను కంగారు పెడతాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దవడ పట్టేసినట్టు లాగుతుంది. రెండు మూడు ముద్దలు నమిలాక తగ్గిపోతుంది. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, విరేచనాలు, వికారం, అరికాళ్లలో నొప్పి కూడా ఉంటాయి. డోసు పెంచిన రోజుల్లో ఇవి ఎక్కువవుతాయి, తర్వాత కొంత సర్దుకుంటాయి. మందు పనిచేస్తోందనడానికి ఇవి గుర్తులని చాలామంది నర్సులు చెబుతారు, నేనూ చెప్పేదాన్ని. కానీ భరించలేనంతగా ఉంటే ఓర్చుకోమని అమ్మను బలవంతం చేయకండి. విరేచనాలకూ నొప్పికీ మందులున్నాయి, అడిగితే ఇస్తారు. డోసు ఎక్కువవుతోందా తక్కువవుతోందా అన్నది ఇలా గమనించండి: ఎక్కువైతే ముఖం ఎర్రబడి, తల దిమ్మెక్కి, కడుపులో తిప్పి, బీపీ పడిపోతుంది. తక్కువైతే ఆయాసం, నీరసం, పాలిపోవడం, ఛాతీలో బరువు. రెండోది కనబడితే ముందు ట్యూబును వేలితో తడమండి, ఆ తర్వాత ఫోన్. ఈ మందు రక్తం గడ్డకట్టడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. రక్తం పలచన చేసే మాత్రలు కూడా వాడుతుంటే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారడం క్లినిక్‌కు చెప్పాల్సిన విషయమే.

ఎమ్మారై స్కాన్ చేయాలని ఎవరైనా అంటే, ముందు పంపు సంగతి చెప్పాలి. మామూలు పంపు ఆ గదిలోకి వెళ్లకూడదు. దానికి వేరే ఏర్పాటు స్పెషలిస్టు ఆస్పత్రిలోనే చేయగలరు.

రాత్రులు మీకు పెద్ద సమస్య అనిపిస్తాయి. పంపును దిండు పక్కన సంచిలో పెట్టి, ట్యూబును రవికె లోపలి నుంచి తీసి ఒంటికి ఒక చోట టేపు వేస్తే చాలు. ట్యూబు లాగబడితే ఆ బరువు టేపు మీద పడాలి కానీ లైన్ మీద పడకూడదు. అమ్మకు చెవులు కాస్త మందమైతే అలారం వినగలిగే వాళ్లు అదే గదిలో పడుకోవాలి. ఇంట్లో పిల్లీ కుక్కా ఉంటే రాత్రి ఆ గదిలోకి రానివ్వకండి, అవి ట్యూబు కొరికిన సందర్భాలు నాకు తెలుసు.

ఒక పక్క మాట. ఇది చదివే మిగతావాళ్లలో వేరే ఇన్ఫ్యూషన్ మీద ఉన్నవాళ్లుంటారు, వాళ్లు పైవన్నీ తమకూ అంతే అనుకోవద్దు. క్యాన్సర్‌కు ఫ్లోరోయురాసిల్ అనే మందును 46 గంటల పాటు ఎక్కించే బుడగ పంపుతో ఇంటికి పంపితే, అక్కడ ఆగిపోవడం కన్నా కారడం, మరీ తొందరగా అయిపోవడం ప్రమాదం. ఆ బుడగకు అలారం ఉండదు. వేడి తగిలితే వేగం పెరుగుతుంది. గడువుకు చాలా ముందే ఖాళీ అయిపోతే, ఒంట్లో బాగానే ఉన్నా వెంటనే ఆస్పత్రికి చెప్పాలి, ఎందుకంటే దాని విరుగుడును 96 గంటల్లోపే మొదలుపెట్టాలి. నరం ద్వారా పోషకాహారం ఎక్కించుకునే వాళ్లకు, ఉన్నట్టుండి ఆపితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. యాంటీబయాటిక్ అయితే గంట ఆలస్యానికి ప్రాణం మీదికి రాదు. మీ మందు ఆగితే ఏమవుతుంది, ఎక్కువ వెళ్తే ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

మళ్లీ మీ సంగతికి వస్తాను. ఈ పది రోజుల్లో ఆస్పత్రిలో ఎవరైనా చేస్తుంటే చూస్తూ కూర్చోకండి. వాళ్లు చూస్తుంటే మీరు చేయండి. ఎవరి సాయం లేకుండా, కాగితం చూడకుండా వరసగా మూడుసార్లు మందు కలిపి, క్యాసెట్ మార్చగలిగాకే డిశ్చార్జికి ఒప్పుకోండి. మీరొక్కరే కాదు, ఇంకొకరు కూడా. ఇద్దరు నేర్చుకోని ఇంటికి ఈ మందు పంపకూడదని నా గట్టి అభిప్రాయం, దాని మీద నేను చాలాసార్లు వాదించాను కూడా. నేర్చుకున్న ఒక్క మనిషికి జ్వరం వస్తే? అమ్మ చేతులు స్థిరంగా ఉంటే అమ్మకే ముందు నేర్పండి. తన మందు తాను కలుపుకోగలిగిన మనిషి ముఖంలో భయం ఎంత తొందరగా పోతుందో నేను చాలాసార్లు చూశాను. ఇంకా మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, మీ ఇంటికి దగ్గరలో ఈ మందు ఉన్న ఆస్పత్రి ఏది, పంపు పాడైతే ఇంకోటి ఎన్ని గంటల్లో వస్తుంది. వయల్స్, ట్యూబులు, క్యాసెట్లు ఎన్ని మిగిలాయో వారానికి ఒకరోజు లెక్కపెట్టి, ఇంకా చాలా ఉన్నాయి అనిపిస్తున్నప్పుడే ఆర్డరు పెట్టండి.

మీ గురించి కూడా ఒక మాట. రోజూ ఒకే వేళకు, ఏ పండగైనా, ఏ చావైనా, ఈ పని ఆగదు. రెండో ఏడు వచ్చేసరికి నాకు అక్క మీద కాదు, ఆ గడియారం మీద కోపం వచ్చేది. ఒకరోజు బాత్రూములో తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ తర్వాతే మా బావగారికి పట్టుబట్టి నేర్పించాను. వారంలో రెండు రోజులు ఆయనవి. నేను అంతకుముందే చేయాల్సింది. మీరు మొదటి నెలలోనే రోజులు పంచుకోండి.

మనవరాలి సంగతి. లైన్ వేసిన చోటు మానేదాకా, అంటే లైన్ మీద ఉండే చిన్న పట్టీ (కఫ్) చర్మం కింది కణజాలంలో పట్టుకునే మొదటి కొన్ని వారాలు, బరువులు ఎత్తకూడదు. ఎప్పటినుంచి ఎత్తుకోవచ్చో డాక్టరు చెబుతారు. ఆయాసం లేకపోతే తర్వాత ఎత్తుకోవచ్చు. లైన్ కుడివైపు ఉంటే పాపను ఎడమవైపు ఎత్తుకోవాలి, ట్యూబు మొత్తం రవికె లోపల ఉండాలి, కనబడకూడదు, ఎందుకంటే ఆ వయసు పిల్లలు కనబడింది లాగుతారు. ముందు కొన్నాళ్లు అమ్మ కూర్చుని ఉన్నప్పుడు మీరే పాపను ఒళ్లో కూర్చోబెట్టండి. మా అక్క మనవడికి రెండేళ్లు దాటేసరికి పంపు సంచిని తనే మోస్తానని వెంటపడేవాడు. ట్యూబు పట్టుకోకూడదని, సంచి పట్టీ మాత్రం పట్టుకోవచ్చని వాడికి నేర్పాం. ఇద్దరూ సాయంత్రాలు అలాగే నడిచేవాళ్లు.